తుడిచి తుడిచి పాడుచేయకండి: కొత్త కారు రంగుకు 18 చిట్కాలు

సంక్రాంతికి కొత్త కారులో అత్తగారి ఊరు వెళ్లాను. నల్ల కారు, దసరాకి కొన్నది. వాకిట్లో ఎండలో నిలబెట్టగానే మా బావమరిది దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, బానెట్ మీదికి వంగి, "ఏంటి బావా, దీన్ని పీచుపెట్టి తోమారా?" అన్నాడు. నేనూ వంగి చూశాను. సూర్యుడు మెరుస్తున్న చోట చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, లెక్కపెట్టలేనన్ని. కారు కొని పట్టుమని నాలుగు నెలలు కాలేదు. పైగా ఒక్క రోజు కూడా దుమ్ముతో ఉంచింది లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రోజూ పొద్దున్నే తుడిపించేవాణ్ని.

ఆ తుడిపించడమే కొంప ముంచింది. కొత్త కారు రంగును మురికి పాడుచేసేది తక్కువ, ఆ మురికిని మనం తీసే తీరు పాడుచేసేది ఎక్కువ. కింది చిట్కాల్లో సగానికి పైగా ఈ ఒక్క మాట చుట్టూ తిరిగేవే.

షోరూము నుంచి ఇంటిదాకా

1. రంగు ఎంత పలచనో ఒకసారి తెలుసుకోండి
చాలా కార్లకు రేకు మీద నాలుగు పొరలుంటాయి. తుప్పు పట్టకుండా బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటుతో పట్టించేది మొదటిది. దానిమీద ప్రైమర్, ఆపైన మన కంటికి కనిపించే రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్‌కోట్. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, రెండు వెంట్రుకలంత అన్నమాట. ఇందులో మెరుపునిచ్చేదీ, కింది రంగు ఎండకు వెలిసిపోకుండా కాచేదీ క్లియర్‌కోటే. అది 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే సగం వెంట్రుక. గీతలు పడేది దానిమీద, పాలిష్ పేరుతో అరగదీసేది దాన్నే. అరిగిన పొర మళ్లీ పెరగదు. ఈ లెక్క మనసులో ఉంటే చేతికి దొరికిన గుడ్డతో కారు తుడవబుద్ధి కాదు.

2. డెలివరీకి ముందే షోరూములో చెప్పి పెట్టండి
చెన్నై నుంచో, పుణె నుంచో, మన పెనుకొండ నుంచో ట్రెయిలర్ మీద వచ్చిన కారు స్టాక్‌యార్డులో ఎండకూ వానకూ రోజుల తరబడి నిలబడుతుంది. డెలివరీ రోజు పొద్దున హడావుడిగా కడిగి, పది కార్లకు వాడిన గుడ్డతోనే తుడిచి తళతళలాడించి ఇస్తారు. చాలా కార్లకు తొలి గీతలు అక్కడే పడతాయి. "పొడిగుడ్డ పెట్టొద్దు, పాలిష్ పట్టొద్దు, నీళ్లు కొట్టి వదిలేయండి చాలు" అని సేల్స్ అబ్బాయికి వాట్సాప్‌లో రాసి పంపండి. నోటిమాట డెలివరీ నాటికి గాలికి పోతుంది.

రిజిస్ట్రేషన్‌కు ముందే కారును ఆరుబయట, పగటి వెలుతురులో చూడండి. సెల్‌ఫోన్ టార్చిని ఏటవాలుగా వేస్తూ ఒక్కో తలుపూ పరిశీలించండి. ఒక తలుపు రంగు పక్కదానితో కలవకపోయినా, రబ్బరు బీడింగు అంచున రంగు తుంపర్లు కనిపించినా, దారిలో దెబ్బతిని మళ్లీ రంగు వేసిన బండి కావచ్చు. మొహమాటపడకుండా అడగండి.

3. అంటించి ఉన్నవన్నీ వారంలోగా పీకేయండి
కొత్తదనం పోతుందని తలుపుల అంచుల మీద, కాళ్లు పెట్టే పట్టీల మీద, క్రోమ్ మీద ఉన్న ప్లాస్టిక్ పొరల్ని ఏళ్ల తరబడి ఉంచుకునేవాళ్లున్నారు. ఎండకు ఆ జిగురు ఉడికి, పొర ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, బంక మాత్రం ఉండిపోతుంది. రిబ్బన్లకు వేసిన టేపు, షోరూము పేరున్న స్టిక్కరు కూడా అంతే. జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్‌తో కాస్త వెచ్చబెట్టి, ఒక మూల నుంచి మెల్లగా లాగండి. మిగిలిన బంక మీద కొబ్బరినూనె రాసి అయిదు నిమిషాలాగి తుడిస్తే వచ్చేస్తుంది. బ్లేడు, చాకు మాత్రం దగ్గరికి రానివ్వకండి.

4. పూజ భక్తిగా చేయించండి, బొట్టు అద్దానికి పెట్టించండి
కొండగట్టుకు తీసుకెళ్లినా, హైదరాబాద్ పెద్దమ్మ గుడికి తీసుకెళ్లినా బానెట్ మీద గంధంతో స్వస్తిక్, పసుపు, కుంకుమ బొట్లు తప్పవు. పసుపు మరక ఎండకు కొన్నాళ్లలో వెలిసిపోతుంది. బజారు కుంకుమలో కలిపే రంగు అలా పోదు, తెల్ల కారు మీదైతే గులాబీ మచ్చగా మిగిలిపోతుంది. "పంతులుగారూ, బొట్లు ముందద్దానికి, నంబరు ప్లేటుకు పెట్టండి" అంటే ఎవరూ కాదనరు. గాజుకు పెట్టినా, రేకుకు పెట్టినా దేవుడికి ఒక్కటే.

పూలదండ ఇనుప తీగతో కట్టింది వద్దు, దారంతో గుచ్చింది తీసుకోండి. తీగ కొస గాలికి ఊగుతూ దారిపొడవునా గీస్తూనే ఉంటుంది. గుమ్మడికాయ, కొబ్బరికాయ బంపరుకు నాలుగడుగుల దూరంలో కొట్టండి. ఇంటికి రాగానే, ఆ సాయంత్రమే, నీళ్లు పోసి కడిగేయండి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ రంగు ఆరి పట్టేస్తుంది.

రోజువారీ అలవాట్లు

5. పొడి దుమ్మును పొడిగుడ్డతో తుడవకండి
మన రోడ్ల దుమ్ములో ఇసుక, గ్రానైట్ పొడి, సిమెంటు అన్నీ ఉంటాయి. అందులోని ఇసుక రేణువు క్లియర్‌కోట్ కన్నా గట్టిది. దానిమీద గుడ్డ పెట్టి లాగితే, ఆ గుడ్డ ఎంత మెత్తనిదైనా, గరుకు కాగితమే అవుతుంది. గుండ్రంగా తుడిస్తే గుండ్రటి గీతలు. మా కారు మీద సాలెగూళ్లు అలా అల్లుకున్నవే. ఈకల బ్రష్, మైనం పట్టించిన నూలు డస్టర్, పాత బనియను, లుంగీ ముక్క, అన్నీ ఈ పని చేసేవే. సన్నటి దుమ్ము కారు మీద నాలుగు రోజులుంటే రంగుకు నష్టమేం లేదు. వారానికోసారి కడిగేదాకా దాని జోలికి పోకండి.

6. సెల్లార్‌లో తుడిచే అబ్బాయితో మాట్లాడండి
ఒక బకెట్, ఒక గుడ్డ, ఇరవై ముప్పై కార్లు. మొదటి కారు టైర్ల పక్కన అంటిన ఇసుకే చివరి కారు బానెట్ మీదికి చేరుతుంది. తప్పు అతనిది కాదు. నెలకు నాలుగైదు వందలకు రోజూ మెరిసే కారు కావాలన్నది మనం. పని మాన్పించనక్కర్లేదు, పద్ధతి మార్చండి. రోజూ అద్దాలు, లోపలి పట్టాలు శుభ్రం చేయమనండి. బాడీని వారానికి ఒక్కసారే, ముందు నీళ్లు పోసి, మీరిచ్చిన గుడ్డలతోనే తుడవమనండి. పైభాగానికి ఒక రంగు గుడ్డ, టైర్లకు వేరే రంగు గుడ్డ ఇస్తే కలిసిపోవు. ఇచ్చే డబ్బు తగ్గించకండి. పని తగ్గినా జీతం తగ్గలేదంటే మాట వింటాడు.

7. రెండు బకెట్లతో కడగండి
పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, నీడలో మొదలుపెట్టండి. బానెట్ మీద అరచేయి ఆనించి చూడండి. వేడి తగిలితే ఆగండి. కాలే రేకు మీద షాంపూ ఆరిపోయి చారలు కడుతుంది. ఉంగరం, వాచీ, గాజులు తీసి పక్కన పెట్టండి. బెల్టు బకిలు కారుకు రాసుకోకుండా చొక్కా బయటికి వదిలేయండి.

ముందు టైర్లు, చక్రాలు వేరే బ్రష్‌తో కడగండి. తర్వాత టాపు మీద నుంచి కిందికి పైపుతో నీళ్లు పట్టి, వదులుగా ఉన్న దుమ్మంతా జారిపోనివ్వండి. కారు కడగడంలో అసలు పని ఇదే. ఇక్కడ అయిదు నిమిషాలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మామూలు నీళ్లు పెట్టుకోండి. మైక్రోఫైబర్ గ్లవ్‌ను షాంపూలో ముంచి ఒక తలుపంత మేర తుడవండి. వెంటనే మామూలు నీళ్ల బకెట్లో జాడించి, పిండి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచండి. పని అయ్యాక ఆ రెండో బకెట్ అడుక్కి చూడండి. గుప్పెడు మన్ను కనిపిస్తుంది. ఒకటే బకెట్ అయితే అదంతా కారు మీదే తిరిగేది.

వరస ఇలా: టాపు, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపుల పైసగం, ఆఖరున కింది సగం, బంపర్లు. చేయి నిలువుగానో అడ్డంగానో తిన్నగా పోవాలి, గుండ్రంగా తిప్పొద్దు. గ్లవ్ కిందపడితే దులిపి వాడొద్దు, ఆ రోజుకు పక్కన పడేయండి.

8. గిన్నెల సబ్బు, బట్టల పొడి వద్దు
అవి జిడ్డు వదిలించడానికే పుట్టినవి. కారు మీది వ్యాక్స్ పొర వాటి కంటికి జిడ్డే, నాలుగు సార్లు కడిగితే ఊడ్చుకుపోతుంది. రబ్బరు బీడింగులు కూడా పొడిబారతాయి. పీహెచ్ న్యూట్రల్ అని రాసి ఉన్న కారు షాంపూ ఒక సీసా కొనుక్కోండి. బకెట్‌కు మూత రెండు మూతలకు మించి అక్కర్లేదు కాబట్టి నెలల తరబడి వస్తుంది. మెరుపు కోసమని డీజిలు గుడ్డతో తుడిచే పాత డ్రైవర్ల చిట్కా ఒకటుంది. మెరుపు గంటసేపే. ఆ జిడ్డుకు పట్టిన దుమ్ము మళ్లీ తుడిచేటప్పుడు గీతలు పెడుతుంది.

9. బోరు నీళ్లను కారు మీద ఆరనివ్వకండి
మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బాత్రూము కుళాయి మీద తెల్లగా పేరుకునే ఉప్పు ఏదో, కారు మీద గుండ్రటి తెల్లమచ్చ కూడా అదే. నీటిబొట్టు ఎండలో ఆరితే నీరు పోయి ఉప్పు మిగులుతుంది. పట్టించుకోకపోతే కొన్నాళ్లకు క్లియర్‌కోట్‌లోకి కొరుకుతుంది. కడగడం బోరు నీళ్లతో కానిచ్చినా, ఆఖరున ఒక బకెట్ మున్సిపాలిటీ నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో పోయండి. మచ్చలు అప్పటికే ఉంటే తెల్ల వెనిగర్‌లో అంతే కొలత నీళ్లు కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం ఆనించి, బాగా కడిగేయండి. ఆ చోట వ్యాక్స్ కూడా పోతుంది కాబట్టి మళ్లీ రాయాలి.

నీళ్ల పొదుపు కూడా ముఖ్యమే. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. దుమ్ము మరీ ఎక్కువ లేని రోజుల్లో, మళ్లీ నీళ్లతో కడగనక్కర్లేని రిన్స్‌లెస్ షాంపూ కలిపిన ఒక్క బకెట్ నీళ్లతో పని అయిపోతుంది.

10. ఆరబెట్టే గుడ్డకు విడిగా మర్యాద చేయండి
కడిగాక గాలికి వదిలేస్తే మచ్చలు, గట్టిగా రుద్దితే గీతలు. మందపాటి మైక్రోఫైబర్ టవల్‌ను తడి బానెట్ మీద పరిచి, రెండు మూలలు పట్టుకుని మీవైపు లాగండి. నీళ్లన్నీ అదే పీల్చుకుంటుంది. టవల్ ప్యాకెట్ మీద జీఎస్ఎమ్ అని అంకె ఉంటుంది. ఆరబెట్టడానికి 500 పైన, మామూలు తుడుపుకు 300 నుంచి 400 సరిపోతుంది. అంచుకు గట్టి కుట్టు, బ్రాండు చీటీ ఉంటే కత్తిరించేయండి, అవి గీస్తాయి.

ఈ గుడ్డల్ని ఇంట్లో బట్టలతో కలిపి ఉతకొద్దు. నూలు పోగులు పట్టేస్తాయి. సువాసన కోసం వేసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, వేస్తే గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. నీడన ఆరేసి, మూత ఉన్న డబ్బాలో దాచండి.

మరకలు, చెట్లు, ఊరి దుమ్ము

11. పక్షి రెట్టను గీకకండి, నానబెట్టండి
రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. మే నెల ఎండకు రేకు కాలిపోతున్నప్పుడు రంగు కాస్త మెత్తబడి సాగుతుంది, రాత్రికి చల్లబడి బిగుసుకుంటుంది. ఎండిన రెట్ట చుట్టూ అలా బిగుసుకున్న చోట దాని ఆకారమే అచ్చు పడిపోతుంది. అందుకే చూసిన రోజునే తీసేయాలి, ఎండాకాలమైతే చూసిన గంటలోనే.

గోరుతో గీకడం, టిష్యూతో ఒక్క తుడుపు తుడవడం రెండూ తప్పే. పావురాలు, కాకులు తిన్న గింజలు, ఇసుక రేణువులు అందులో ఉంటాయి. టిష్యూ కాగితాన్ని నీళ్లలో తడిపి రెట్ట మీద పరచి, పది నిమిషాలు వదిలేయండి. మెత్తబడ్డాక టిష్యూతో సహా పైకి ఎత్తేయండి, పక్కకు లాగొద్దు. మిగిలింది నీళ్లతో కడిగేయండి. ఇందుకోసం డిక్కీలో ఒక లీటరు నీళ్లసీసా, టిష్యూ ప్యాకెట్, ఒక మెత్తని గుడ్డ ఎప్పుడూ ఉంచుకోండి. సగం మరకలు ఈ మూడింటితోనే పోతాయి.

12. చెట్టు నీడ చూసి మురిసిపోకండి
నీడ మంచిదే, ఏ చెట్టు నీడో చూసుకోండి. మామిడి పూత మీదున్నప్పుడు తేనెమంచు పురుగులు విసర్జించే తీపి జిగురు సన్నటి తుంపరలా రాలుతుంది. రాత్రంతా కింద నిలబెడితే పొద్దున కారంతా బంకబంకగా ఉంటుంది, రెండు రోజులు వదిలేస్తే దానిమీద నల్లటి మసి బూజు పడుతుంది. అది చక్కెరే కాబట్టి గోరువెచ్చటి నీళ్లకు కరుగుతుంది. వేప బంక, తుమ్మ బంక కూడా నీళ్లలో కరిగేవే. వెచ్చటి తడిగుడ్డ వేసి నాననివ్వండి, గీకొద్దు. నేరేడు కాయల కాలంలో మాత్రం ఆ చెట్టు దరిదాపులకు వెళ్లకండి. రాలిన పళ్ల రంగు ఒక మరక, ఆ పళ్లు తిన్న పక్షుల రెట్ట ఇంకో మరక.

13. ఉసిళ్లు, తారు: ఇల్లు చేరాక మొదటి పని
తొలకరి సాయంత్రాల్లో హైవే మీద వంద కిలోమీటర్లు వస్తే చాలు, ముందు బంపరు, అద్దాలు, నంబరు ప్లేటు నిండా ఉసిళ్లు అతుక్కుని ఉంటాయి. పురుగుల రసాలు కూడా రంగును కొరికేవే. ఇల్లు చేరగానే తడిగుడ్డ పరచి, నానాక తీసేయండి. కొత్తగా రోడ్డు వేస్తున్న చోట తలుపుల కింద తారు చుక్కలు పడతాయి. పెట్రోలు, థిన్నర్ పెట్టొద్దు. కొబ్బరినూనె రాసి కాసేపాగితే తారు కరిగి గుడ్డకు అంటుకుంటుంది. వదలకపోతే టార్ రిమూవర్ కొనండి. తర్వాత ఆ చోట షాంపూతో కడగాలి.

14. మీ ఊరి దుమ్ము ఏదో దాన్నిబట్టి కడగండి
విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలోనే ఉప్పుంటుంది. రంగు కన్నా ముందు కారు అడుగు భాగం, తలుపుల కింది అంచులు తుప్పు పడతాయి. వారానికోసారి అడుగున కూడా మంచినీళ్లు కొట్టించండి. రామగుండం, పాల్వంచ వైపు థర్మల్ బూడిద, బొగ్గు పొడి. తాండూరు, హుజూర్‌నగర్, జగ్గయ్యపేట వైపు సిమెంటు దుమ్ము. దానిమీద మంచు పడి ఆరితే నిజంగానే సిమెంటులా గట్టిపడుతుంది. కరీంనగర్, చీమకుర్తి వాళ్లకు గ్రానైట్ పొడి సంగతి చెప్పనక్కర్లేదు. ఎక్కడైనా సూత్రం ఒకటే: ముందు ధారాళంగా నీళ్లు, ఆ తర్వాతే చేయి.

15. కవరు వేసే ముందు కారు శుభ్రంగా ఉందా చూడండి
దుమ్ము కారు మీద కవరు వేయడం, దుమ్ము మీద గుడ్డ పెట్టి రోజంతా రుద్దడం ఒకటే. గాలికి కవరు కొట్టుకుంటుంటే ఆ పని అదే చేసుకుపోతుంది. లోపల మెత్తని పొర ఉన్న కవరు కొనండి, కింద పట్టీలతో బిగించండి. వానాకాలంలో తడి కారు మీద వేయొద్దు, ఆవిరి లోపలే ఆగి మచ్చలవుతాయి. దీపావళి రాత్రి మాత్రం కవరు తీసేయండి. నిప్పురవ్వ పడితే రేకు తట్టుకుంటుంది, కవరు అంటుకుంటుంది. వీలైతే ఆ పూట కారును టపాకాయలకు దూరంగా పెట్టండి.

పైపూతలు, పాలిష్, మరమ్మతు

16. పూత ఎంచుకునే ముందు అది చేసే పని తెలుసుకోండి
"కొత్త రంగు ఆరాలి, మూడు నెలలు వ్యాక్స్ వద్దు" అనే మాట ఫ్యాక్టరీ రంగుకు వర్తించదు. దాన్ని సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్చి ఆరబెడతారు. మొదటి వారమే రాయొచ్చు. డెంటింగ్ షెడ్డులో మళ్లీ రంగు వేయించిన భాగానికైతే నెల నుంచి మూడు నెలలు ఆగాలి.

*వ్యాక్స్:* బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నూబా మైనం ఇందులో పేరున్నది. మన ఎండలకు నెలో, రెండు నెలలో ఉంటుంది. చేత్తో మనమే రాసుకోవచ్చు.
*సీలెంట్:* రసాయనికంగా చేసిన పూత, నాలుగు నుంచి ఆరు నెలలు. షోరూముల్లో టెఫ్లాన్ కోటింగ్ పేరుతో వేలు తీసుకుని వేసేది చాలాచోట్ల ఇలాంటిదే.
*సిరామిక్:* గాజులో ఉండే సిలికా ఆధారంగా చేసింది. నీళ్లు నిలవవు, మురికి తేలిగ్గా పోతుంది, సరిగా వేస్తే రెండు మూడేళ్లుంటుంది. 9హెచ్ అని గొప్పగా చెప్పేది పెన్సిల్ గీతతో కొలిచే గట్టిదనం, వజ్రంతో పోల్చేది కాదు. రాయి దెబ్బను ఇది ఆపదు.
*పీపీఎఫ్:* సుమారు 150 నుంచి 200 మైక్రాన్ల పారదర్శక ఫిల్మ్. వియత్నాం యుద్ధంలో అమెరికా హెలికాప్టర్ రెక్కల్ని కాపాడడానికి వాడిన ఫిల్మ్ దీనికి పూర్వీకురాలు. రాయి దెబ్బను నిజంగా ఆపేది ఇదొక్కటే. కారంతా వేయిస్తే లక్ష దాటడం మామూలే కాబట్టి బానెట్, ముందు బంపరు, సైడు మిర్రర్ల వెనక భాగం, డోరు హ్యాండిల్ గుంటలకు వేయించినా చాలు. టీపీయూ రకమని బిల్లులో రాయించుకోండి. చవకగా అంటగట్టే పీవీసీ ఏడాది రెండేళ్లలో పసుపెక్కుతుంది.

నా లెక్కలో, నీడన ఉండే ఊరి కారుకు వ్యాక్స్ చాలు. రోజూ ఆరుబయట ఎండలో నిలబడే కారుకు సిరామిక్ దండగ కాదు. నెలకు నాలుగు సార్లు హైవే ఎక్కేవాళ్లు ముందుభాగానికైనా ఫిల్మ్ వేయించుకోవాలి.

17. సర్వీసులో 'రబ్బింగ్' అంటే వద్దనండి
మొదటి ఫ్రీ సర్వీసుకే "సార్, రబ్బింగ్ పాలిష్ చేయించుకోండి, కొత్తదానిలా ఉంటుంది" అంటారు. అది కొత్తదే కదా! రబ్బింగ్ అంటే గీతల లోతుదాకా క్లియర్‌కోట్‌ను అరగదీయడం. ఒక్కో విడతకు కొన్ని మైక్రాన్లు పోతాయి. ఉన్నదే సగం వెంట్రుక. ఏటా చేయిస్తే అయిదారేళ్లకు టాపు మీద, బానెట్ మీద పొర లేచిపోయి సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. అవసరమైతే కారు జీవితంలో రెండు మూడు సార్లు, పొర మందం కొలిచే మీటరు పెట్టి చూసి చేసేవాళ్ల దగ్గరే చేయించండి. గీతల మీద టూత్‌పేస్టు రుద్దే చిట్కా కూడా ఇదే జాతి. టూత్‌పేస్టులో ఉండేదీ అరగదీసే పొడే. సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్‌కార్డు మీద "వాటర్ వాష్, పాలిష్ వద్దు" అని మీ చేత్తో రాయండి.

పాలిష్ అవసరమో కాదో తెలుసుకోడానికి ఒక పరీక్ష ఉంది. కడిగి ఆరబెట్టిన బానెట్ మీద, చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మెల్లగా రాయండి. గరగరలాడితే రేణువులు దిగబడ్డాయన్నమాట. దానికి పాలిష్ కాదు, క్లే బార్ కావాలి. అదొక మెత్తని మట్టిముద్ద లాంటిది. షాంపూ నీళ్లు చల్లి జారనిస్తే ఆ రేణువుల్ని పీకేస్తుంది. ఏడాదికోసారి, అదీ అవసరమైతేనే. తర్వాత వ్యాక్స్ రాయడం మరిచిపోవద్దు.

18. రాయి దెబ్బను వానాకాలానికి ముందే పూడ్చండి
లారీ వెనక వెళ్తుంటే టప్పున తగిలిన గులకరాయి బానెట్ మీద ఆవగింజంత గుంట చేస్తుంది. లోపల రేకు కనిపిస్తే మొదటి వానకే తుప్పు మొదలవుతుంది. తలుపు తీస్తే ఫ్రేము మీదో, బానెట్ కిందో ఉండే పట్టీ మీద రంగు కోడ్ రాసి ఉంటుంది. ఆ కోడ్ చెప్పి కంపెనీ స్పేర్‌పార్టుల కౌంటర్లో టచ్-అప్ పెన్ కొనండి. గుంటను కడిగి ఆరనిచ్చి, అగ్గిపుల్ల కొసతో ఒక్క చుక్క పెట్టండి. ఆరాక ఇంకో చుక్క. దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది, తెలియనివ్వండి. తుప్పు రాకుండా ఉంటే చాలు.

మా నల్ల కారు మీది సాలెగూళ్లను ఒక్కసారి, మీటరు పెట్టి చూపించుకుని, పాలిష్ పట్టించాను. అయిన ఖర్చుతో షాంపూ, రెండు బకెట్లు, డజను గుడ్డలు కొని ఇంకా మిగిలేది. ఇప్పుడు మా కారు వారంలో ఆరు రోజులు దుమ్ముతోనే తిరుగుతుంది, ఏడో రోజు మెరుస్తుంది. మీరు కూడా ముందు ఒక్క పని చేయండి: కిందికి వెళ్లి డిక్కీ తీసి, అందులో ఉన్న ఈకల బ్రష్షునూ పాత బనియనునూ పారేయండి. మిగతా పదిహేడూ నెమ్మదిగా మొదలుపెట్టొచ్చు.